నాన్న ఒంట్లోని ఉప్పు

నేను గెలిచిన పోటీలు తక్కువ. పరుగు పందెంలో ఎప్పుడూ ఆఖరుదాన్ని. పాటల పోటీకి వెళ్తే గొంతు బొంగురుపోయేది. వాదనల్లో నోరు నాదే పెద్దది కానీ గెలుపు అవతలివాళ్ళది. అయినా నువ్వు సాధించిందేమిటని ఎవరైనా అడిగితే తడుముకోను. పన్నెండో తరగతి చదివే రోజుల్లో మా ఇంట్లో ఉప్పును ఓడించాను. నేనొక్కదాన్నే కాదు, అమ్మ లేకపోతే అది అయ్యే పని కాదు. ఈ మాట ఎలాగూ తర్వాత ఒప్పుకోవాల్సి వస్తుంది కాబట్టి ముందే ఒప్పేసుకుంటున్నాను.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలు పనికి వచ్చి, ఇక్కడి క్వార్టర్లలోనే పిల్లల్ని కని పెంచిన కుటుంబాల్లో మాదొకటి. నేను చెబుతున్నది ఎనభైల చివరి మాట. నాన్న గూడ్సు డ్రైవరు. అమ్మ పెళ్ళయ్యాక సముద్రం పక్క పల్లె నుంచి నేరుగా ఈ ఊరొచ్చింది. కాలనీలో పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, కుళాయి దగ్గర పోట్లాడేవాళ్ళు అందరూ తెలుగువాళ్ళే కావడంతో ఆవిడకి హిందీ నేర్చుకునే అవసరం పడలేదు. ఎవరైనా హిందీలో మాట్లాడితే తల ఊపి "అచ్ఛా" అనేది. అర్థమైనా అచ్ఛాయే, కాకపోయినా అచ్ఛాయే.

మా ఇంట్లో బియ్యం ఈ ఊరివి, కూరగాయలు పక్కనున్న మోప్కా పల్లె నుంచి వచ్చేవి, ఉప్పు మాత్రం మా సొంతూరిది. సెలవులకి ఎవరు వెళ్ళినా తిరుగు రైల్లో ఒక సంచీ కల్లుప్పు మోసుకురావలసిందే. "ఈ ఊరి ఉప్పు ఉప్పగా ఉండదే" అనేది అమ్మ. ఉప్పు ఉప్పగా ఉండకపోవడమేమిటని నేను తగువేసుకునేదాన్ని. "నీకేటి తెలుసే" అని నోరు మూయించేది.

ఆ ఉప్పుకి మా ఇంట్లో ఒక పేరు కూడా ఉండేది, డ్యూటీ ఉప్పు. నాన్న మొదట్లో ఆవిరి ఇంజిన్ మీద ఫైర్‌మన్. కట్నీ దారిలో ఘాట్ ఎక్కేటప్పుడు పారతో బొగ్గు ఎత్తి పొయ్యిలో విసురుతూనే ఉండాలి, నడుము ఎత్తడానికి వీలుండదు. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి అతని చొక్కా వీపు మీద తెల్లటి చారలు కట్టి ఉండేవి. చిన్నప్పుడు అది సున్నం అనుకునేదాన్ని. ఒకసారి గోటితో గీకి నాలిక మీద వేసుకుంటే తెలిసింది, ఉప్పు. అంత ఉప్పు చెమటలో పోయిన రోజు పడుకున్నవాడు పడుకున్నట్టే పిక్కలు పట్టేసి కేకలు పెట్టేవాడు. అందుకని అతను గుమ్మంలో కాలు పెట్టగానే అమ్మ చెంచాడు ఉప్పు కలిపిన పెద్ద గ్లాసుడు మజ్జిగ ఇచ్చేది. కంచంలో ఓ పక్క మళ్ళీ చిటికెడు కల్లుప్పు పెట్టేది. డ్యూటీ చేసే మనిషికి ఉప్పే బలం అన్నది మా ఇంట్లో ఎదురులేని మాట.

తర్వాత ఆవిరి ఇంజిన్లు ఒక్కొక్కటే మూలపడ్డాయి. నాన్న డీజిల్ ఇంజిన్ ఎక్కాడు. పార పోయింది, పొయ్యి పోయింది, చొక్కా మీద తెల్లచారలూ పోయాయి. డ్యూటీ ఉప్పు మాత్రం పోలేదు. కూర్చుని బండి నడిపే మనిషికి, బొగ్గు ఎత్తిన రోజుల్లో ఇచ్చినంత ఉప్పూ ఇస్తూనే ఉన్నాం. ఇన్నేళ్ళలో ఇంట్లో ఏ ఒక్కరికీ దాన్ని తగ్గించాలన్న ఆలోచన రాలేదు, నాతో సహా. తెలివిగలదాన్నని నాకు నేనే కితాబిచ్చుకునేదాన్ని కాబట్టి నా తప్పే ఎక్కువ.

ఆ ఏడాది మా బయాలజీ మేడమ్ మొదటి రోజే ఒక పళ్ళెం పట్టుకుని క్లాసుకి వచ్చింది. అందులో ఒక ఇనప మేకు, సుద్దముక్క, అగ్గిపెట్టె, అరటిపండు, చిటికెడు ఉప్పు, దెబ్బలకి రాసే అయొడిన్ సీసా ఉన్నాయి. వాటిని బల్ల మీద వరసగా పెట్టి "ఇవే మీరు" అంది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపితే ఒక చిన్న మేకు అవుతుందట. ఊపిరితో వచ్చిన గాలిని మూలమూలకీ మోసుకెళ్ళేది ఆ మేకేనట. సుద్దలో ఉన్నది కాల్షియం. ఎముకలు నిలబడాలన్నా, కండ బిగుసుకోవాలన్నా అది కావాలి. ఎముకల్లోనే ఉండే ఇంకొకటి ఫాస్ఫరస్, దానికి గుర్తు అగ్గిపెట్టె. అయొడిన్ చుక్కంత తగ్గితే మెడ దగ్గర గ్రంథి ఉబ్బిపోతుంది. చివర్లో ఉప్పునీ అరటిపండునీ పక్కపక్కన పెట్టి, సోడియం ప్రతి కణానికీ బయట కాపలా కాస్తుందని, పొటాషియం లోపల ఉంటుందని, ఆ రెండూ గుమ్మం దాటి చోట్లు మార్చుకుంటేనే గుండె కొట్టుకుంటుందని, కాలు కదులుతుందని చెప్పింది. సోడియం ఉన్నచోటికి నీళ్ళు వెతుక్కుంటూ వస్తాయని కూడా చెప్పింది. ఆ పాఠం నాకు ఎంత నచ్చిందంటే ఇంటికెళ్ళి వంటింట్లో నిలబడి మొత్తం అప్పజెప్పాను.

నాన్న మేకు దగ్గరే ఆగిపోయాడు. "దినం దినం బండెడు ఇనప రాయి లాగుతున్నాను, నా ఒంట్లో ఉన్నది ఒక్క మేకేనేటి? ఎవుడో నొక్కేసుంటాడు" అని ఒకటే నవ్వు. అమ్మ మాత్రం ఉప్పు మాట విని సంబరపడింది. "చూశావా, ఉప్పు లేకపోతే గుండే కొట్టుకోదట" అని నాన్న కంచంలో ఇంకో చిటికెడు వేసింది. పరీక్షలో సోడియం గురించి రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఉప్పు చేప కాల్చుకు తిన్నాను. చదువు బడిలోనూ తిండి ఇంట్లోనూ ఉండేవి, రెండింటికీ పరిచయం లేదు.

ఆ చలికాలం నాన్నకి మెడికల్ వచ్చింది. రైలు నడిపేవాళ్ళకి కొన్నేళ్ళకోసారి కళ్ళు, చెవులు, గుండె అన్నీ చూసి, పనికొస్తాడనో రాడనో తేలుస్తారు. అతనికి ఆ మెడికల్ మామూలు మెడికల్ కాదు. గూడ్సు నుంచి పాసింజరుకి మారే వరసలో అతని పేరు ముందుకొచ్చింది. ఇరవై ఏళ్ళుగా అతను ఎదురుచూస్తున్నది దానికోసమే. "బొగ్గుని మెల్లగా ఆపినా అడగదు, గుద్ది ఆపినా అడగదు. మనుషుల్ని లాగాలే అమ్మడూ" అనేవాడు నాతో. మాటల్లో చెప్పనిది ఇంకొకటుంది, అది మాకందరికీ తెలుసు. అతను ఇన్నేళ్ళుగా రైలు నడుపుతున్నా, అమ్మ ఒక్కసారి కూడా అతను నడిపే రైలెక్కలేదు. గూడ్సు బండిలో పెళ్ళాన్ని ఎక్కడ కూర్చోబెడతాడు?

డాక్టరు అతని చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారీ కొట్టి తల అడ్డంగా ఊపాడు. బీపీ బాగా ఎక్కువగా ఉంది. మాత్రలు మొదలుపెట్టే ముందు తిండి మార్చి చూద్దామని, రెండు నెలల తర్వాత రమ్మని చెప్పాడు. అప్పటిదాకా ఇంజిన్ ఎక్కకూడదు, ఇంజిన్ల షెడ్‌లో కూర్చుని చేసే పని ఇస్తారు. అప్పటికీ తగ్గకపోతే ఆ కూర్చునే పనే రిటైరయ్యేదాకా. పాసింజరు సంగతి ఇక మరిచిపోవడమే. పథ్యం ఏమిటో ఇంటావిడకి ఆయా చెబుతుందని, బయట కూర్చున్న అమ్మని చూపించి డాక్టరు లేచాడు.

ఆ సాయంత్రం అమ్మ మా ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆ కబురు చెప్పింది. "ఆయా మంచిది. నా చెయ్యి పట్టుకుని మరీ సెప్పింది. కూరలో నూనె ఎయ్యకూడదంట. ఒక్క చుక్క కూడా. మనిషి బతకాలంటే నూనె ముట్టొద్దంది."

నాన్న సరేనన్నాడు. నేను ఊరుకోవచ్చు కదా. కొవ్వు పేరుకుని రక్తనాళాలు సన్నబడతాయని, ఆయా చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమని ఒక ఉపన్యాసం దంచాను. నూనె డబ్బా అటక ఎక్కింది.

నూనె లేకుండా వంటంటే మాటలా? అమ్మ చాలా పట్టుదల మనిషి. నూనె అక్కర్లేనివన్నీ వెతికి వెతికి పట్టుకొచ్చింది. ఎండు నెత్తళ్ళు ఒట్టి మూకుట్లో వేయించింది. అప్పడాలు నిప్పుల మీద కాల్చింది. ఉసిరికాయ ముక్కలు ఉప్పులో ఊరేసి, ఎండబెట్టి, నూనె చూపించకుండా పెట్టింది. పులుసులో పోపు లేక చప్పగా ఉందని తనకే అనిపించి ఇంకో గరిటె ఉప్పు పడేసింది. "నూనె ఎలాగూ లేదు, ఉప్పైనా సరిగ్గా పడకపోతే ఆ మనిషి ఏటి తింటాడు" అని పాపం ఆవిడ బాధ. నేను కూడా లొట్టలేసుకుంటూ తిన్నాను. నూనె లేని తిండి ఇంత రుచిగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో మానేసేవాళ్ళమని మెచ్చుకున్నాను కూడా.

మూడు వారాలు గడిచాక నాన్న ఊరికే చూపించుకుందామని డిస్పెన్సరీకి వెళ్ళాడు. బీపీ మొదటికంటే పెరిగింది.

అతను ఇంటికొచ్చి సైకిలు గోడకి ఆనించి, ఆ పక్కనే చాలాసేపు నిలబడిపోయాడు. అమ్మ నీళ్ళిస్తే తాగలేదు. "మన రాత ఇంతేనే. షెడ్‌లో కాయితాలు చూసుకుంటాను, జీతం వస్తాది కదా" అన్నాడు. మా నాన్న ఎప్పుడూ అలా మాట్లాడే మనిషి కాడు. బండి ఎంత లేటైనా ఎక్కడో అక్కడ సర్దేస్తానని అనేవాడు. ఆ మాట విని నాకు ఏడుపొచ్చింది, ఏడుపుతో పాటు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక కంచం విసిరి అమ్మ చేత తిట్లు తిన్నాను.

ఆ మర్నాడు ఆదివారం. మోప్కా నుంచి కూరగాయలు తెచ్చే ఆవిడ పొద్దున్నే వచ్చింది. గంప దించి లాల్ భాజీ అనే ఎర్ర తోటకూర కట్టలు, టమాటాలు ఇచ్చి, మా వరండాలో నీడ చూసుకుని కూర్చుంది. తను తెచ్చుకున్న బాసీ గిన్నె విప్పింది. బాసీ అంటే రాత్రి నీళ్ళు పోసి నానబెట్టిన అన్నం, మన చద్దన్నమే. ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అమ్మని చూసి "థోరిక్ నూన్ దే న ఓ దీదీ" అంది, కొంచెం నూన్ పెట్టమని.

అమ్మ "అచ్ఛా" అని లోపలికెళ్ళింది. నేను వరండాలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. లోపల స్టూలు జరిపిన చప్పుడు, అటక మీద డబ్బాలు కదిలిన చప్పుడు వినపడ్డాయి. అమ్మ నూనె డబ్బాతో బయటికొచ్చి, పాపం ఇన్నాళ్ళకి ఒకరికైనా పెడుతున్నానన్న తృప్తితో, ఆవిడ బాసీలో ధారగా నూనె పోసేసింది.

ఆవిడ గిన్నె వెనక్కి లాక్కుని, ఇదేం పని చేశావని లబలబలాడింది. "ఏ కా కర్ డారే! నూన్ మాంగేవ్ ఓ, నూన్!"

"నూనే కదా పోశాను" అంది అమ్మ, బిక్కమొహం వేసి.

నేను పడీ పడీ నవ్వాను. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఛత్తీస్‌గఢీలో నూన్ అంటే ఉప్పు అని నాకు తెలుసు. "అమ్మా, ఆవిడ అడిగింది ఉప్పే! వీళ్ళ భాషలో నూన్ అంటే ఉప్పు!" అని పొట్ట పట్టుకున్నాను. అమ్మ నవ్వలేదు. డబ్బా చేతిలో అలాగే ఉంది.

"ఉప్పా?" అంది. "నూన్ అంటే ఉప్పా?"

నా నవ్వు ఆగిపోయింది. "ఆస్పత్రిలో ఆయా ఏమందో అచ్చంగా ఆ మాటే చెప్పమ్మా" అన్నాను.

అమ్మ గుర్తు తెచ్చుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది. "సాగ్ మ నూన్ ఝన్ డారబే. ఒట్టి నూన్, నూన్ అంది. నూన్ అంటే నూనె కాదేటి?"

కూరలో ఉప్పు వెయ్యొద్దు. ఆయా చెప్పిన మాట అంతే. ఎవరూ తప్పు చెప్పలేదు, ఎవరూ తప్పు చెయ్యాలనీ అనుకోలేదు. మూడు వారాలు మేము ఉప్పు మానాల్సిన మనిషికి ఉప్పులో ఊరేసిన ఉసిరీ, ఉప్పులో ఎండిన చేపలూ పెట్టాం. సోడియం ఉన్నచోటికి నీళ్ళు వెతుక్కుంటూ వస్తాయని మేడమ్ చెప్పిన మాట అప్పుడు నా చెవిలో గింగుర్లాడింది. నాన్న రక్తంలోకి మేమే నీళ్ళు పిలిచాం. రెండు పేజీలు రాసిన నేను దగ్గరుండి పిలిపించాను. అంత సిగ్గు నాకు జీవితంలో మళ్ళీ వెయ్యలేదు.

అమ్మ కిందకి కూలబడి తల బాదుకుంది. "ఓలమ్మో, నా చేతుల్తో నేనే పెట్టేనే! నా చేతుల్తోనే!" కూరగాయలావిడ తన బాసీ మాట మరిచిపోయి అమ్మ వీపు నిమిరింది. నాన్న లోపల్నుంచి పరిగెత్తుకొచ్చాడు. సంగతంతా విని కాసేపు మా మొహాలు మార్చి మార్చి చూశాడు. కసురుకుంటాడనుకున్నాను. "అయితే రాత కాదన్నమాట! ఉప్పే!" అని తొడ చరుచుకుని నవ్వాడు. మూడు వారాల్లో అతను నవ్వడం అదే మొదలు. "ఇంకా అయిదు వారాలుంది. ఏటే అమ్మడూ, ఏం చెయ్యాలో సెప్పు" అన్నాడు. ఒక పెద్దమనిషి నన్ను సలహా అడగడం నాకు అదే మొదటిసారి. నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఆ రోజే అతనికి పాఠం మొదలుపెట్టాను. ఉప్పు ఎక్కువైతే నీళ్ళు ఎక్కువవుతాయని, నీళ్ళు ఎక్కువైతే గొట్టాల్లో ఒత్తిడి పెరుగుతుందని చెప్పాను. బాయిలర్ దగ్గర పెరిగిన మనిషికి ఒత్తిడి గురించి నేను చెప్పాలా? "మరి సేఫ్టీ వాల్వ్ లేదేటి?" అని అడిగాడు. ఉంది, కిడ్నీలు, కానీ ఎంతని తోడి పోస్తాయి పాపం అన్నాను. పొటాషియం తింటే ఆ తోడే పనికి సాయమవుతుందని చెప్పి, అరటిపండ్లు, లాల్ భాజీ, చిలగడదుంపలు, పప్పు జాబితా రాసిచ్చాను. డిస్పెన్సరీలో చూపించి సరేననిపించుకున్నాను, ఈసారి సొంత తెలివి నమ్ముకోలేదు. పిక్కలు పట్టేస్తాయని అతను భయపడితే, బొగ్గు ఎత్తినప్పుడు కదా పట్టేది, కుర్చీలో కూర్చున్నవాడికి పడతాయా అని దబాయించాను. డ్యూటీ ఉప్పు ఆ డ్యూటీతోనే అయిపోయిందని తేల్చేశాను.

చెప్పడం తేలికే. తినాల్సినవాడు అతను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని "గడ్డి నయం" అన్నాడు. రెండో రోజు ముద్ద మింగలేక నీళ్ళు తాగాడు. నాలుగో రోజు జేబులో అగ్గిపెట్టె గలగలమంటుంటే అనుమానమొచ్చి లాక్కున్నాను. అందులో పుల్లల్లేవు, కల్లుప్పు ఉంది! నేను వీధి వినేలా అరిచాను. ఇరుగుపొరుగు బయటికొచ్చి చూశారు. డ్రైవరు గారు కూతురి చేత ఉప్పు దొంగతనంలో పట్టుబడ్డాడని కాలనీ అంతా పాకిపోయింది. ఆ తర్వాత ఎవరింటికెళ్ళినా అతనికి చప్పటి మజ్జిగే ఇచ్చేవారు. ఆ అరుపుకి నాకిప్పటికీ గర్వమే.

కానీ నా అరుపులతో అయిదు వారాలు నడిచేవి కాదు. నడిపించింది అమ్మ. మొదటి రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు కొంగు బిగించింది. ఉప్పు జాడీ మూతకి గుడ్డ కట్టేసింది. నూనె డబ్బా దించి కొంచెంగా పోపు వేసింది, మూడు వారాల తర్వాత ఆవాలు చిటపటలాడితే ఇల్లంతా కళొచ్చింది. చింతపండు పులుపు పెంచింది. పచ్చి టమాటాలు కాల్చి వెల్లుల్లి వేసి నూరింది. నువ్వులు వేయించి పొడి కొట్టింది. పప్పులో నిమ్మకాయ పిండింది. చిలగడదుంప ముక్కల మీద వాము, ఎండుమిర్చి చల్లింది. ఉప్పు లేని లోటు ఏ మూల నుంచి తెలుస్తుందో కనిపెట్టి ఆ మూల మూసేసింది. పదిహేను రోజులకి నాన్న నాలిక దారికొచ్చింది. షెడ్‌లో ఎవరో పెట్టిన పకోడీ తిని "ఎంత ఉప్పే బాబూ, ఎలా తింటున్నారు" అన్నాడని తెలిసి నేను వరండాలో గంతులేశాను.

ఇంకో మాట. అమ్మ ఆ అయిదు వారాలూ తనూ ఆ చప్పటి కూడే తింది. నీకెందుకు, నీకు బీపీ లేదుగా అని నేనంటే, "ఆ మనిషి ఎలా తింటున్నాడో నాకు తెలియాలి కదా" అంది. నాకు మాత్రం కంచం పక్కన చిటికెడు ఉప్పు పెట్టేది. మూడు రోజులు సిగ్గులేకుండా వేసుకున్నాను. నాలుగో రోజు నుంచి వేసుకోలేదు. తను కాల్చే బీడీలు కూడా మానేసి, రోజూ పొద్దున్న పక్క ఊరు లాల్‌ఖదాన్ దాకా నడిచొచ్చాడు నాన్న. ఆ ఘనత అతనిదే, నేను లాక్కోను.

రెండో మెడికల్ రోజు నేను బడి ఎగ్గొట్టి వెంటబడ్డాను. డాక్టరు పట్టీ చుట్టి గాలి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నా గుండెలో సోడియమూ పొటాషియమూ గుమ్మం దగ్గర తొక్కిసలాడుతున్నాయి. మూడోసారి కొట్టి, పట్టీ విప్పి, ఏం చేశావయ్యా అని అడిగాడు. "మా అమ్మాయి పాఠం చెప్పింది సాబ్, మా ఇంటిది వండింది, నేను తిన్నాను" అన్నాడు నాన్న హిందీలో. డాక్టరు కాగితం మీద ఫిట్ అని రాసి ముద్ర కొట్టాడు. నాన్న ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. సిరా ఆరేదాకా ఊది, మడత పడకుండా నాకు అందించాడు.

బయట అమ్మ ఆయాని వెతికి పట్టుకుంది. "నూన్ నహీ దియా!" అని, ఉప్పు పెట్టలేదని చెబుతూ ఆవిడ రెండు చేతులూ ఊపేసింది. ఇంత సంబరం దేనికో ఆయాకి అర్థం కాలేదు, అయినా ఆవిడా నవ్వింది.

వేసవి రాకముందే నాన్నకి పాసింజరు ఇచ్చారు. మొదటి బండి కట్నీ వైపు, పొద్దున్న పూట. అమ్మ కొత్త చీర కట్టింది. ఇద్దరం పాసు పట్టుకుని ఇంజిన్ వెనక మొదటి పెట్టె ఎక్కాం. పెట్టె నిండా జనం. బుట్టలు, మూటలు, చంటిపిల్లలు. కిటికీ పక్కన పెండ్రా వెళ్తున్న ఒక ముసలమ్మ, ఒళ్ళో నిండుగా నీళ్ళున్న చెంబు పెట్టుకుని కూర్చుంది. అమ్మ ఆ చెంబు వైపే చూస్తూ కూర్చుంది. నీళ్ళు ఒలుకుతాయేమోనన్న అమ్మ భయం నాకు అర్థమైంది. గూడ్సు బండి కదిలితే పెట్టెలు ఒకదాన్నొకటి కుదుపుకుని ఊరంతా వినపడే మోత వస్తుంది, ఆవిడ ఇరవై ఏళ్ళు విన్నది ఆ మోతే.

కూత వినపడింది. ప్లాట్‌ఫాం మీద స్తంభం కిటికీ చట్రంలోంచి పక్కకి జరగడం చూసి తెలిసింది బండి కదిలిందని. చెంబులో నీళ్ళు ఒలకలేదు. ముసలమ్మ చెయ్యి కూడా అడ్డం పెట్టలేదు, ఆవిడకి కదిలినట్టే తెలియలేదు. కాలనీ వెనక్కి పోయింది, షెడ్ వెనక్కి పోయింది. అమ్మ బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ముసలమ్మ అమ్మని చూసి కంగారుపడి, ఏమైందమ్మా, ఎందుకేడుస్తున్నావని అడిగింది. జవాబు నేను చెప్పబోయాను. ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో అచ్ఛాతోనే నెట్టుకొచ్చిన మా అమ్మ, నన్ను మోచేత్తో పక్కకి నెట్టింది.

"ఏ గాడీ మేరా ఆద్మీ చలాతా" అంది. ఈ బండి నడిపేది మా ఆయన అని.

ముసలమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది, వినపడలేదన్నట్టు. అమ్మ లేచి నిలబడి మళ్ళీ అంది, ఈసారి పెట్టెలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా.